బండి తాగిన పెట్రోలు

సోమవారం పొద్దున మేస్త్రీ షెడ్డు షట్టరు పైకి లేపేసరికి డాక్టరమ్మగారి తెల్ల కారు అప్పటికే బయట నిలబడి ఉంది. కొత్త డ్రైవరు బానెట్ మీద చెయ్యి వేసి, జ్వరం వచ్చిన మనిషి పక్కన నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"నేను తియ్యలేదు మేస్త్రీగారూ," అన్నాడు, పలకరింపైనా లేకుండా.

"ఏంటి తియ్యనిది?"

"పెట్రోలు."

మేస్త్రీకి నవ్వొచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం విన్నాడుగానీ, ఎవరూ ఏమీ అనకముందే తడుముకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు. "నిన్నెవరు అడిగారయ్యా?"

"ఇంకా అడగలేదు. అడుగుతారు. బండి లీటరుకి పది కూడా ఇవ్వట్లేదు. మొన్నటి నుంచి అమ్మగారు ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి మీటరు వంక చూస్తున్నారు. నా ముందున్నాయన దీనికే పోయాడంట కదా? ఆయన పోయాక బండి బయటికి తీసిందే తక్కువంట, నేను చేరి నెలైంది. నాకు పెళ్ళై ఆర్నెల్లు కాలేదు. దొంగ అనిపించుకుని ఇంటికెళ్తే మా మామ గడప తొక్కనిస్తాడా?"

నా ముందున్నాయన అనేసరికి మేస్త్రీ నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది.

ఆ ముందున్నాయన్ని షెడ్డులో అందరూ సైలెన్సరు అనేవాళ్ళు. పొద్దుగూకులూ కలిపి నోట్లోంచి నాలుగు మాటలు రాలితే గొప్ప. పందొమ్మిదేళ్ళు డాక్టరమ్మగారి దగ్గరే చేశాడు. బండి సర్వీసుకి తెస్తే పక్కన స్టూలు మీద కూర్చుని, తన బిడ్డకి వైద్యుడు సూది వేస్తుంటే చూసినట్టు చూసేవాడు. మేస్త్రీ ఆయన్ని అన్నా అని పిలిచేవాడు.

"స్టార్ట్ చెయ్యి," అన్నాడు మేస్త్రీ.

బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవరు కొనని ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన పరీక్ష ఇదే. చుట్టుపక్కల పది షెడ్ల వాళ్ళు తమకి అంతుపట్టని శబ్దాన్ని ఈ చెవికి వినిపించడానికి వచ్చేవాళ్ళు. ఇప్పుడూ విన్నాడు. లోపల ఎక్కడా తేడా లేదు. గడియారంలా తిరుగుతోంది. ఆ తిరగడం వినే ఆ రోజు కూడా మోసపోయాడు.

స్క్రూడ్రైవరు పక్కన పడేసి కారు వెనక్కి వెళ్ళి వంగాడు. పొగలో పచ్చి పెట్రోలు వాసన. కళ్ళు చుర్రుమన్నాయి. గొట్టంలో వేలు పెట్టి తిప్పి తీస్తే వేలు కాటుక డబ్బాలో ముంచినట్టు వచ్చింది.

"సిగ్నల్ దగ్గర ఆగితే అద్దాలు దించలేకపోతున్నాం. కళ్ళు మండుతున్నాయి," అన్నాడు కొత్త డ్రైవరు.

ఈ మాట మేస్త్రీ ముందే విన్నాడు. సైలెన్సరు ఇన్ని మాటల్లో చెప్పలేదు. "పొగ మండుతోంది మేస్త్రీ," అన్నాడంతే.

మేస్త్రీ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. మీటర్ల పలకలో ఎడమ మూల గోరంత నల్ల టేపు ముక్క అతికించి ఉంది.

"అదేంటో నాకూ తెలీదు. నేనొచ్చేసరికే ఉంది," అన్నాడు కొత్త డ్రైవరు కిటికీలోంచి తల దూర్చి.

మేస్త్రీ గోటితో టేపు అంచు లేపాడు. జిగురు ఎండి, చర్మం ఊడినట్టు ఊడి వచ్చింది. దాని కింద ఇంజన్ బొమ్మ ఉన్న లైటు పసుపుపచ్చగా వెలుగుతోంది. ఇన్ని నెలలూ చీకట్లో వెలుగుతూనే ఉంది.

"ఎవడు వేశాడోగానీ వాడికో దణ్ణం," అన్నాడు కొత్త డ్రైవరు.

మేస్త్రీ ఆ ముక్కని రెండు వేళ్ళ మధ్య ఉండలా చుట్టాడు. వేసింది తనే. పోయిన వానాకాలం సైలెన్సరు ఈ లైటు చూపించడానికే ప్రత్యేకంగా వచ్చాడు. ఆ రోజు షెడ్డులో మూడు బండ్లు విప్పి ఉన్నాయి. "పాత బండికి ఇలాంటి లైట్లు మామూలే అన్నా. చూస్తే బెంగ, చూడకపోతే ఏం లేదు," అని టేపు చింపి అతికించి, తన చమత్కారానికి తనే నవ్వాడు.

"బండి వదిలేసి వెళ్ళు. ఎల్లుండి రా," అన్నాడు మేస్త్రీ.

"ఏంటి జబ్బు?"

"చూడాలి."

కొత్త డ్రైవరు వెళ్ళాక మేస్త్రీ పక్క షెడ్డు ఎలక్ట్రీషియన్ దగ్గర అరచేతి సైజు స్కానరు అడిగి తెచ్చాడు. అలాంటివాటి మీద ఆయనకి ఏనాడూ గురి లేదు. "చెవులున్నవాడికి కర్రెందుకు" అనేవాడు. ఇప్పుడు దాన్ని స్టీరింగు కింద తగిలించి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, తెర మీది అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కున్నాడు. ఆక్సిజన్ సెన్సర్.

పొగ గొట్టం మొదట్లో బొటనవేలంత ఇనుప ముక్క అది. కాలి బయటికొచ్చే పొగలో ఇంకా ఎంత ప్రాణవాయువు మిగిలిందో చూసి బండి కంప్యూటరుకి చెప్పడం దాని పని. గాలి ఎక్కువుందని చెబితే కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది, తక్కువుందంటే తగ్గిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ మాట క్షణక్షణం మారుతుంటుంది, పైకీ కిందికీ. పాడైనది ఒకే మాట పట్టుకు కూర్చుంటుంది.

తెర మీద కనపడిందే నమ్మేస్తే మళ్ళీ అదే తప్పు. ఆ మధ్యాహ్నం మేస్త్రీ వేరే బండి ముట్టుకోలేదు. సెన్సర్ తీగకి వోల్టుమీటరు సూది గుచ్చి, ఇంజన్ వేడెక్కేదాకా చూశాడు. సున్నా పాయింటు ఒకటి. యాక్సిలరేటరు తొక్కాడు. సున్నా పాయింటు ఒకటే. పొగ గొట్టం అతుకుల్లో ఎక్కడైనా చిల్లి ఉంటే బయటి గాలి చొరబడి ఇలాగే చూపిస్తుంది కాబట్టి, వెనక గొట్టానికి తడిగుడ్డ అడ్డం పెట్టి, కారు కిందికి దూరి ప్రతి అతుకు దగ్గరా చెయ్యి పెట్టి చూశాడు. ఎక్కడా బుస్సుమనలేదు. తీగ ఎక్కడైనా తెగిందేమోనని ఆ కొస నుంచి ఈ కొసదాకా తడిమాడు. బాగానే ఉంది. చివరికి ఇంజన్ గాలి పీల్చే చోట క్లీనర్ మందు పిచికారీ కొట్టాడు. లోపల ఇంధనం ఒక్కసారిగా ఎక్కువై ఇంజన్ ఉక్కిరిబిక్కిరై దగ్గింది. ఏ సెన్సరైనా అప్పుడు ఉలిక్కిపడి పైకి లేవాలి.

సున్నా పాయింటు ఒకటి.

పీకలదాకా తాగిన ఇంజన్ని పక్కన పెట్టుకుని, ఇంకా దాహంగా ఉందనే చెబుతోందది.

ప్లగ్గులు విప్పాడు. నాలుగూ మసి పట్టి నల్ల మఖమల్ గుడ్డ చుట్టినట్టున్నాయి. సెన్సర్ తుప్పు పట్టి రాలేదు. నూనె పోసి, ఇంజన్ వేడి చేసి, మళ్ళీ నూనె పోసి, పాన పట్టుకుని ఒంటి బరువంతా వేస్తే కీచుమని కదిలింది. కొన నిండా పొర కట్టిన మసి. అరచేతిలో పెట్టుకుని చూస్తే ఇంత. దీని గురించి ఒక మనిషి నోరు విప్పి రెండుసార్లు చెప్పాడు, అందులోనూ నోరు విప్పని మనిషి.

సైలెన్సరు మీద అనుమానంతో డాక్టరమ్మగారు ఆనాడు ఫోను చేసి అడిగిన మాట మేస్త్రీకి గుర్తుంది. "మేస్త్రీ, ఇంజన్‌లో ఏమైనా లోపముందా? బాగా ఆలోచించి చెప్పు." ఆలోచించలేదు. గ్రీజు చేత్తో ఫోను భుజానికి నొక్కిపట్టుకుని, షెడ్డులో అందరికీ వినపడేలా చెప్పాడు. "ఇంజన్ బంగారం అమ్మా. బండి తాగట్లేదు, ఇంకెవరో తాగుతున్నారు."

షెడ్డంతా గొల్లుమంది. ఆ మాట వారం రోజులు చెప్పుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో కాళ్ళు కడుక్కుంటుంటే భార్య తువ్వాలు అందిస్తూ, "ఏంటి మొహం అలా ఉంది? బండేదైనా మొరాయించిందా?" అంది.

చెప్పాడు. కొత్తది బిగించి 'చిన్న రిపేరమ్మా' అంటే ఎవరికీ ఏమీ తెలీదని కూడా చెప్పాడు. ఆమె ఏదో ఒకటి అంటుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?" అందామె.

"తెలీదు."

"అదేంటి? అన్నా అన్నా అని తిరిగేవాడివిగా."

తువ్వాలు దండెం మీద వేసి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మంగళవారం వాకబు చేస్తే తెలిసింది. సైలెన్సరు పెద్ద బట్టల దుకాణం వెనక పార్కింగులో చేస్తున్నాడు. మేస్త్రీ వెళ్ళేసరికి నీలం చొక్కా, మెడలో విజిల్, ఎండలో నిలబడి ఎవరిదో పెద్ద బండిని రెండు గోడల మధ్యకి రప్పిస్తున్నాడు. అరచెయ్యి ఆడిస్తూ వెనక్కి, ఇంకొంచెం వెనక్కి, వేళ్ళు ముడిచి చాలు. విజిల్ ఒక్కసారి కూడా ఊదలేదు. దిగినాయన తాళం జేబులో వేసుకుని ఇటు చూడకుండా వెళ్ళిపోయాడు.

"అన్నా."

సైలెన్సరు తిరిగి చూశాడు. మనిషి తగ్గాడు. "బండి పెట్టాలా?" అన్నాడు.

"బండి మీద రాలేదు. నీతో మాట్లాడాలని."

నీడలోకి నడిచారు. దారిపొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ మేస్త్రీకి అడ్డం తిరిగాయి. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పి ముందు పెట్టాడు. "ఇది పోయింది. ఏడాదై ఉంటుంది. పెట్రోలు బండే తాగింది అన్నా. నువ్వు తియ్యలేదు."

సైలెన్సరు సెన్సర్ని చేతిలోకి తీసుకోలేదు. వంగి చూశాడు.

"దీని పేరు తెలీదుగానీ, బండి తాగుతోందని నాకు తెలుసు," అన్నాడు.

"తెలిస్తే డాక్టరమ్మగారికి చెప్పలేదేం?"

"నీకు చెప్పాగా."

తిట్టినట్టు అనలేదు. అన్నంలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు. మేస్త్రీ తల దించుకున్నాడు.

"అమ్మగారు అడిగినప్పుడైనా..."

"ఎంత తీశావని అడిగారు. తీశావా అని అడగలేదు." సైలెన్సరు విజిల్ తాడు వేలికి చుట్టి విప్పాడు. "ఎంత అంటే ఏం చెప్తాను?"

ఒక స్కూటరు వస్తే సైలెన్సరు వెళ్ళి చోటు చూపించి తిరిగొచ్చాడు. మేస్త్రీ అన్నాడు, "రేపు కొత్తది వస్తుంది. బిగించి, అమ్మగారికి నేనే చెప్తాను. అంతా చెప్తాను. నువ్వు మళ్ళీ..."

"ఉద్యోగం సంగతి కాదు." సైలెన్సరు ఇంత వేగంగా మాట్లాడటం మేస్త్రీ ఎన్నడూ చూడలేదు. "మీ వదిన కళ్ళు అమ్మగారే చూసేవారు. నీటికాసులు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తినేసే జబ్బు. మూడు నెలలకోసారి చూపించుకోవాలి, రోజూ చుక్కలు వేసుకోవాలి. నేను మానేసిన రోజు నుంచీ ఆ ఆసుపత్రి గడప తొక్కనంది. నిన్ను దొంగన్న చోట నా కళ్ళు పెట్టనంది. చుక్కలు ఇంకోచోట తెచ్చుకుంటున్నానంటుంది, వేసుకుంటోంది కూడా. కానీ ఆమె కంటి తత్వం అమ్మగారికి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. అమ్మగారు ఒక్కమాట అంటే చాలు, వస్తుంది. ఆ ఒక్కమాట అనిపించు. నాకింకేం వద్దు."

ఒక్కసారిగా అన్ని మాటలు వాడేసి అలిసిపోయినట్టు విజిల్ నోట్లో పెట్టుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

కొత్త సెన్సర్ బుధవారం పదింటికి వచ్చింది. మేస్త్రీ దాని మరచుట్లకి తుప్పు పట్టకుండా మందు రాసి, చేత్తోనే చివరిదాకా తిప్పి, ఆఖరి చుట్టు పానతో బిగించాడు. వోల్టుమీటరు పెట్టాడు. ఇంజన్ వేడెక్కిందో లేదో అంకెలు లేచాయి. పాయింటు రెండు, పాయింటు ఎనిమిది, పాయింటు మూడు, పాయింటు ఏడు. చేప తోక ఆడించినట్టు ఆగకుండా కదులుతున్నాయి. పొగలో వాసన పోయింది. పసుపు లైటు ఆరిపోయింది. ఏ బండి బాగైనా మేస్త్రీ ఒకసారి బానెట్ మీద తట్టేవాడు. ఈసారి తట్టకుండానే మూసేశాడు.

కొత్త డ్రైవర్ని భోజనానికి పంపించి, బండి తనే తోలుకుంటూ ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరమ్మగారు మధ్యాహ్నం పేషెంట్లు అయిపోయి చేతులు కడుక్కుంటున్నారు. అరవై దాటిన మనిషి, వెన్ను ఇంకా నిటారుగానే ఉంటుంది.

"అయిపోయిందా? ఏమిటట?" అన్నారు తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుంటూ.

మేస్త్రీ పాత సెన్సర్ని బల్ల మీద, కాగితం మీద పెట్టాడు. ఏం చేస్తుందో, ఎలా పాడైందో చెప్పాడు. టేపు సంగతి చెప్పాడు. ఆమె సగం వినేసరికే కుర్చీలో కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి?"

"ఏడాదమ్మా. అటూ ఇటూగా."

"అంటే..."

"ఆయన ఒక్క చుక్క తియ్యలేదు."

గోడ మీద అక్షరాలు పెద్దవి నుంచి చిన్నవిగా దిగే పలక వేలాడుతోంది. డాక్టరమ్మగారు దాని వంక చూస్తూ ఉండిపోయారు.

"నువ్వే కదా చెప్పావు, ఇంజన్ బంగారం అని," అన్నారు చివరికి.

"నేనేనమ్మా."

"నేను అతన్ని అడిగాను. వాకిట్లో నిలబెట్టి అడిగాను. ఒక్క మాట చెప్పలేదు. తాళం మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఏ తప్పూ చెయ్యనివాడు అలా వెళ్తాడా? తిరగబడడా?"

"ఆయన అంతేనమ్మా. మీకు తెలియందేముంది, పందొమ్మిదేళ్ళు."

ఆ మాట ఆమెకి తగిలింది. తగలాలని అనలేదు మేస్త్రీ, కానీ తగిలింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఇద్దరికీ చెరో దోసెడు వచ్చింది. ఇంకా అసలు సంగతి చెప్పనే లేదు. సైలెన్సరు భార్య మాట ఎత్తగానే డాక్టరమ్మగారి మొహం మారిపోయింది. లేచి బీరువాలోంచి ఒక కార్డు వెతికి తీశారు.

"తొమ్మిది నెలలు," అన్నారు. "తొమ్మిది నెలలుగా రాలేదు. ఇంకెక్కడికో వెళ్తోందనుకున్నాను." కార్డు వెనకవైపు తిప్పి చూశారు, అక్కడేమీ రాసి లేకపోయినా. "అనుకున్నాను, అంతే. కనుక్కోలేదు. ఇల్లు తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

ఆమె సంచిలో చిన్న టార్చి, రెండు సీసాలు వేసుకున్నారు. చెప్పులు తొడుక్కుంటుంటే ఒక చెప్పు జారి, మళ్ళీ తొడుక్కున్నారు.

సైలెన్సరు ఇల్లున్న సందులోకి కారు పట్టలేదు. మొదట్లోనే ఆపి నడిచారు. ఆ రోజు ఆయనకి డ్యూటీ సాయంత్రం కావడంతో వాకిట్లో కూర్చుని బకెట్టు పిడికి తాడు చుడుతున్నాడు. ఆయన భార్య గుమ్మంలో చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తోంది. వేళ్ళు చకచకా నడుస్తున్నాయి. చూపు మాత్రం వేళ్ళ మీద లేదు, ఎదురింటి గోడ మీద ఉంది. మేస్త్రీ అది గమనించాడు. ఏమిటో అర్థం కాలేదు.

సైలెన్సరు డాక్టరమ్మగారిని చూసి గబుక్కున లేచాడు. చుట్టిన తాడు ఊడి కిందపడింది.

"నేనమ్మా," అన్నారు డాక్టరమ్మగారు గుమ్మం వైపు. "లోపలికి రావచ్చా?"

"గొంతు గుర్తుపట్టాను," అంది ఆమె. చేతిలో కాయ పక్కన పెట్టింది. "కాస్త అక్కడే ఆగండి. ఆ రోజు మా ఆయన్ని మీ వాకిట్లో పదిమంది వింటుండగా అడిగారంట. తోటమాలి విన్నాడు, పాలాయన విన్నాడు. ఇక్కడా పదిమంది ఉన్నారు. చెప్పేదేమన్నా ఉంటే ఆ అరుగు మీద నుంచే చెప్పి, తర్వాత లోపలికి రండి."

"ఏమే!" అన్నాడు సైలెన్సరు.

"నువ్వుండయ్యా. నువ్వు మాట్లాడాల్సిన రోజు మాట్లాడలేదు."

కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళు పొర్లిపోతున్నా చూసుకోవడం లేదు. డాక్టరమ్మగారు అరుగెక్కారు. వెన్ను అంత నిటారుగా లేదు.

"ఇతను నా దగ్గర ఏమీ తియ్యలేదు," అన్నారు. గొంతు చాలలేదనుకున్నారేమో, మళ్ళీ కాస్త పెంచారు. "బండిలో లోపం. మనిషిలో లేదు. నేను కనుక్కోకుండా దొంగ అన్నాను. తప్పు నాది."

"ముందు తప్పు నాది వదినా," అన్నాడు మేస్త్రీ. "నేను నోటికొచ్చినట్టు వాగిన మాట పట్టుకునే..."

"నీ సంగతి తర్వాత చూస్తాను మేస్త్రీ," అంది ఆమె. మొహంలో మొట్టమొదటిసారి ఏదో సడలింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "రండమ్మా. పీట వెయ్యవయ్యా అమ్మగారికి."

లోపల కిటికీ దగ్గర ఆమెని కూర్చోబెట్టి డాక్టరమ్మగారు ఎడమ కంట్లోకి టార్చి వేసి చూశారు. తర్వాత కుడి కంట్లోకి. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. కుడి కంటి దగ్గర చాలాసేపు ఉండిపోయారు. మేస్త్రీ తలుపు దగ్గర నిలబడ్డాడు. సైలెన్సరు టార్చి వెలుగుని చూడకుండా డాక్టరమ్మగారి మొహాన్నే చూస్తున్నాడు.

"చుక్కలు ఎక్కడ తెచ్చుకుంటున్నావు?"

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"ఏ పేరు మందు? సీసా ఉందా?"

"అదుగో, గూట్లో," అన్నాడు సైలెన్సరు. "రోజూ రాత్రి నా ముందే వేసుకుంటుంది."

డాక్టరమ్మగారు సీసా తీసి, మూత విప్పి, ఒక చుక్క వేలి మీద వేసుకుని వాసన చూశారు. నాలిక కొసన పెట్టుకున్నారు. మూత బిగించారు.

"నీళ్ళే," అంది ఆమె. "పాత సీసా. కుళాయి నీళ్ళు పోసిపెట్టాను."

సైలెన్సరు ఒక అడుగు ముందుకేశాడు. "నీళ్ళా?"

"ఇంకో డాక్టరు దగ్గరికెళ్తే, ఇన్నాళ్ళూ చూపించుకున్న చోటు ఎందుకు మానేశావని మొట్టమొదట అడుగుతారు. ఏం చెప్పను?" ఆమె మొహం కిటికీ వైపే ఉంది. "చెప్పండి డాక్టరమ్మా, సంకోచపడకండి. కుడిది పోయింది. నాకు తెలుసు. నాలుగు నెలలైంది."

"ఆ చూపు మళ్ళీ రాదు," అన్నారు డాక్టరమ్మగారు. పేషెంట్లతో మాట్లాడే గొంతు కాదది. "ఎడమదానిలో ఇంకా ఉంది. దాన్ని నిలబెట్టాలి. ఈ పూటే రావాలి నువ్వు."

సైలెన్సరు గోడకి ఆనుకున్నాడు. "నాలుగు నెలలా?" అన్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాడివి?"

సైలెన్సరు గూడు వంక చూశాడు.

"నేను చెప్పనా? ఆ పూటే పరిగెత్తుకెళ్ళి అమ్మగారి కాళ్ళ మీద పడేవాడివి. తీశానమ్మా, బుద్ధి గడ్డి తిని తీశాను, దాని కళ్ళు మాత్రం చూడండి అనేవాడివి. చెయ్యని దొంగతనం ఒప్పుకుని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడివి. అవునా కాదా?"

సైలెన్సరు కాదనలేదు. కాదనడానికి నోరు తెరిచినట్టే ఉంది, పెదాలు రెండుసార్లు కదిలాయి. మేస్త్రీ చూడలేక వాకిట్లోకి వచ్చేశాడు. చిక్కుడుకాయల పళ్ళెం గుమ్మంలోనే ఉంది. ఈనెలు తీసిన కాయల్లో తియ్యనివీ అక్కడక్కడా కలిసిపోయి ఉన్నాయి.

కాసేపటికి ముగ్గురూ బయటికొచ్చారు. సైలెన్సరు భార్య మోచెయ్యి పట్టుకున్నాడు. "వదలవయ్యా, ఈ సందు నాకు కొట్టిన పిండి," అంటూ ఆమె విడిపించుకుంది, రెండడుగులేసి మళ్ళీ తనే పట్టుకుంది. తలుపులు బార్లా తీసుకుని సందంతా చూస్తోంది.

కారు దగ్గర మేస్త్రీ తాళం తీసి సైలెన్సరు ముందు చాపాడు. ఎందుకు చాపాడో తనకే తెలీదు. ఇవ్వగలిగింది ఇంకేదీ చేతిలో లేక చాపాడు. డాక్టరమ్మగారు కూడా, "నువ్వే తోలు," అన్నారు. ఆజ్ఞలా మొదలై అది బతిమాలడంలా పూర్తయింది.

సైలెన్సరు తాళం వంక చూశాడు. బండి వంక చూశాడు.

"నేను ఆమె పక్కన కూర్చుంటాను," అన్నాడు.

వెనక తలుపు తీసి ఆమెని ఎక్కించి, చుట్టూ తిరిగొచ్చి ఆమె కుడిపక్కన కూర్చున్నాడు. అన్నేళ్ళు తోలిన బండిలో ఆ సీటు ఆయనకి కొత్త. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు తడబడ్డాడు. డాక్టరమ్మగారు ముందు సీట్లో, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మేస్త్రీ స్టార్ట్ చేశాడు. ఇంజన్ చప్పుడు లేకుండా అందుకుంది. బండి పెద్ద రోడ్డెక్కింది.

అద్దంలో మేస్త్రీకి వెనక సీటు కనిపిస్తోంది. ఆమె తిన్నగా ముందుకి చూస్తోంది. సైలెన్సరు ఆమెనే చూస్తున్నాడు. కొంత దూరం పోయాక మెల్లిగా చెయ్యెత్తాడు. ఆమె కుడి కణత పక్కన వేళ్ళు చాపి కదిపాడు. ఆమె తిరగలేదు. చెయ్యి ఇంకాస్త దగ్గరికి తెచ్చి, కంటికి జానెడు దూరంలో, అటూ ఇటూ ఆడించాడు. పార్కింగులో బండికి దారి చూపించినట్టు కాదు, నిద్రపోయే పసిబిడ్డ మొహం మీద ఈగని తోలినంత నెమ్మదిగా. ఆమె రెప్ప వెయ్యలేదు. ఆయన వేళ్ళు ఆగిపోయాయి. కానీ చెయ్యి దించలేకపోయాడు.

"చెయ్యి దించయ్యా," అంది ఆమె, తల తిప్పకుండానే. "గాలి తగుల్తోంది."